మామగారు ప్రింటర్లో ఇరుక్కున్న దసరా

మా ఇంట్లో ప్రింటరు కాగితం లాక్కునే ముందు కాసేపు లోపల్లోపలే గొణుక్కుంటుంది. సభలో మాట్లాడటానికి లేచిన పెద్దమనిషి గొంతు సవరించుకున్నట్టు రెండుసార్లు కర్రుమని, ఇక తప్పదన్నట్టు పని మొదలుపెడుతుంది. మొన్న ఆదివారం మా అమ్మాయి బడికి కావలసిన బొమ్మలేవో తీసుకుంటుంటే ఆ చప్పుడు వంటింట్లోకి వినిపించింది. దాని వెంటే తడి సిరా వాసన వచ్చింది. చేతిలో గరిటె అట్లాగే పట్టుకుని నవ్వుకుంటూ నిలబడిపోయాను. ప్రింటరు చప్పుడు విని నవ్వే మనిషిని మా అమ్మాయి ఎప్పుడూ చూసి ఉండదు. ఏమైందని అడిగింది. ఏమని చెప్పను? నా కళ్లముందు సుబ్బరత్నమ్మ పెద్దమ్మ ఉంది. భుజాల చుట్టూ పైట కప్పుకుని, ప్రింటరుకు ఎదురుగా కూర్చోకుండా పక్కకు ఒదిగి నిలబడి, అందులోంచి బయటికి రావలసిన తన మామగారి కోసం భయంభయంగా చూస్తూ ఉంది.

రెండు వేల నాలుగు, అయిదు ప్రాంతాల్లో నేను కడపలో ఒక కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పేదాన్ని. మాది కోయిలకుంట్ల దగ్గర పల్లె. పెద్దమ్మ వాళ్ల మేడమీద గదిలో అద్దెకుండేదాన్ని. ఆమె నాకు చుట్టం కాదు. భర్త చెన్నకేశవయ్యగారికి స్టీలు సామాన్ల అంగడి ఉండేది. కూతురు పెళ్లయి వెళ్లిపోయింది. పగలంతా అంగడిలో గిన్నెల మోత మధ్య ఉండటం వల్లనో ఏమో, చెన్నకేశవయ్యగారు ఇంటికొస్తే నోరు విప్పేవారు కాదు. ఆయన మాట్లాడవలసినవి కూడా కలిపి పెద్దమ్మే మాట్లాడేది.

అప్పట్లో నాకొక గుణం ఉండేది. ఎవరైనా ఒక మాట అంటే తిరిగి అనలేను, మరిచిపోనూ లేను. వాళ్లతో మాట్లాడటం మానేస్తాను. అదే పరువుగా బతకడమని నా నమ్మకం. గదిలో దిగిన కొత్తల్లో ఒకసారి, నీళ్లు ఎక్కువ వాడుతున్నానని పెద్దమ్మ కింది నుంచి అరిచింది. మరునాటి నుంచి నేను ఆమె ముందు తల వంచుకుని వెళ్లిపోవడం మొదలుపెట్టాను. రెండు రోజులు చూసింది. మూడోనాడు మెట్ల దగ్గర అడ్డంగా నిలబడింది.

"ఏం పాపా, మూతి ముడుచుకోని పోతాండావు? నీళ్లు శానా పోస్తాండావంటి. అంతే కదా? నువ్వు గూడా నన్ను ఏమన్నా అను. సరిపోతాది."

"నాకేం లేదు పెద్దమ్మా" అన్నాను.

"లేకుండా ఎట్లుంటాది? బాగా ఆలోచించుకోని సాయంత్రం చెప్పు."

సాయంత్రం సెంటర్ నుంచి వచ్చేసరికి ఆమె నిజంగానే ఎదురుచూస్తూ కూర్చుని ఉంది. "ఏమన్నా దొరికిందా?" అని అడిగింది. ఏమీ తోచక, పొద్దున్నే రేడియో గట్టిగా పెడతారు, నాకు నిద్ర ఉండటం లేదు అన్నాను. ఆమె మొహం వెలిగిపోయింది. రేడియో గురించి నాతో అరగంటసేపు హాయిగా పోట్లాడి, చివరికి ఇంత పెసరపప్పు కట్టు గిన్నెలో పోసి ఇచ్చింది. రేడియో మాత్రం తగ్గించలేదు.

ఆ ఏడాదే నేనొక ప్రింటరు కొన్నాను. విద్యార్థుల ప్రాజెక్టు పుస్తకాలు ఇంటి దగ్గరే ప్రింటు తీసి ఇవ్వొచ్చని ఆశ. ఒక్క విద్యార్థీ రాలేదు. మా అమ్మ కుట్టి పంపిన పూల గుడ్డ కప్పుకుని, కొత్త పెళ్లికూతురిలా అది గదిలో ఒక మూల కూర్చుని ఉండేది. దాని ముసుగు తీయించింది పెద్దమ్మే.

పెద్దమ్మ ప్రతి దసరాకూ బొమ్మల కొలువు పెట్టేది. మెట్ల మీద బొమ్మలు అందరూ పెడతారు. ఆ మెట్ల పక్కన నేలమీద ఆమె కట్టే ఊళ్లను చూడటానికి వీధి మొత్తం వచ్చేది. ఆ ఏడాది ఆమె తన అత్తగారిల్లు కట్టాలనుకుంది. మధ్యలో గోడ లేచి రెండు ఇళ్లు కాకముందు, భర్తా, బావగారూ కలిసి ఉన్న పాత ఇల్లు. అంగడి నుంచి వచ్చిన అట్టపెట్టెలు కోసి గదులు చేసింది. వీధి చివర టైలరు మస్తాన్ అగ్గిపెట్టెంత పరుపులూ, వేలెడు తెరలూ కుట్టి ఇచ్చాడు. నడవలో ఉయ్యాల వేలాడింది. ఇక హాల్లో గోడకు ఫోటోలు కావాలి. ఒక సాయంత్రం ఆయాసపడుతూ మేడెక్కి వచ్చింది.

"పాపా, నీ మిషన్లో ఫోటోలు వస్తాయంట కదా. నాకు ఇంతింత ఫోటోలు కావల్ల" అని బొటనవేలు చూపించింది.

"పెద్ద కాగితం మీద అన్నీ ఒకేసారి వేసి కత్తిరిద్దాం పెద్దమ్మా. ఎంతసేపు?"

"ఆ కాయితం అప్పడం మాదిరి వంకర తిరుగుతాది. గోడకు నిలబడదు. వీటి మీద ఎయ్యి" అని ఒక డబ్బా నా ముందు పెట్టింది.

డబ్బా నిండా విజిటింగ్ కార్డులు. అన్నదమ్ములు కలిసి వ్యాపారం చేసినప్పటివి. ముందువైపు ఇద్దరి పేర్లూ ఒకదాని కింద ఒకటి ఉన్నాయి, వెనకవైపు తెల్లగా ఉంది. అంగడి విడిపోయాక ఎవరికీ ఇవ్వడానికి లేదు, మందంగా బాగున్నాయని పారేయడానికి ఆమెకు మనసు రాలేదు.

అన్నదమ్ముల కథ ఇక్కడ చెప్పాలి. చెన్నకేశవయ్యగారి అన్న వెంకటసుబ్బయ్యగారు మధ్యగోడకు అవతలి ఇంట్లోనే ఉండేవారు. పిల్లలు లేరు, భార్య పోయింది. వ్యాపారం విడిపోయినప్పుడు కూడా ఇద్దరూ నవ్వుతూనే విడిపోయారట. తగవంతా పెద్దమ్మ కూతురి పెళ్లి ఆల్బం దగ్గర వచ్చింది. అందరూ నిలబడి తీయించుకున్న పెద్ద ఫోటోలో, చివరన నిలుచున్న వెంకటసుబ్బయ్యగారి మొహం సగమే పడింది. ఒక చెవి, ఒక కన్ను, సగం మీసం. ఫోటోగ్రాఫరు తప్పని ఎంత చెప్పినా ఆయన వినలేదు. కావాలనే చివర నిలబెట్టారని, కావాలనే కోసేశారని పట్టుబట్టారు. అప్పటి నుంచి ఆ గడప తొక్కలేదు. ప్రతి పండక్కీ పెద్దమ్మ మస్తాన్‌ను పంపి పిలిపించేది. "సగం మనిషిని పిల్చి ఏం చేసుకుంటారు?" అని జవాబు వచ్చేది.

ఇంత వినోదంగా ఉన్నా, నవ్వలేని సంగతి ఒకటుంది. ఆయన హోటలు క్యారియరు తెప్పించుకుని తినేవారు. ఒంట్లో షుగరు ఉంది, కడుపునొప్పి ఉంది. ఆ ఎండాకాలం మస్తాన్ అంగడి ముందు కళ్లు తిరిగి పడిపోతే నలుగురూ మోసుకొచ్చి పడుకోబెట్టారు. పెద్దమ్మ చారు కాచి పంపితే గిన్నె మూత తీయకుండా తిరిగొచ్చింది. మధ్యాహ్నం క్యారియరు కుర్రాడి సైకిలు గంట వినపడగానే ఆమె తింటున్న ముద్ద పళ్లెంలో పెట్టేసేది. "మళ్లా ఆ సోడా ఏసిన అన్నమే" అని గొణిగేది. చెన్నకేశవయ్యగారు తల ఇంకొంచెం వంచుకుని తినేవారు.

ఇక మా ప్రింటింగు. పెద్దమ్మ ఇచ్చిన పాత ఫోటోలను మా సెంటర్లో స్కాన్ చేసి, గదిలో నా కంప్యూటర్లోకి ఎక్కించాను. అంత చిన్న కాగితం నా ప్రింటరుకు అలవాటు లేదు. మొదటి కార్డు పెట్టగానే లోపలి చక్రం తిరిగింది, తిరిగింది, ఏమీ అందక ఎర్ర దీపం వెలిగించి ఊరుకుంది. కార్డును కొంచెం లోపలికి తోశాను. ఈసారి గుటుక్కున మింగింది. ఆ కార్డు మీద అచ్చు కావలసింది పెద్దమ్మ మామగారి ఫోటో. ఆయన వస్తున్నారని నేను చెప్పగానే ఆమె కుర్చీలోంచి లేచి, పైట సర్దుకుని పక్కకు ఒదిగి నిలబడింది. మామగారు రాలేదు. లోపల నుంచి నలుగుతున్న చప్పుడు మాత్రం వచ్చింది.

"ఏమాయె?" అంది గొంతు తగ్గించి.

"ఇరుక్కున్నారు పెద్దమ్మా."

నేను కార్డు అంచు దొరకబుచ్చుకుని లాగబోతే నా చెయ్యి పట్టుకుంది. "లాగొద్దు, లాగొద్దు! పెద్దాయన!" వెనక మూత తీసి, చిన్న పట్టకారుతో మెల్లగా బయటికి తీశాం. ఆయన మీసం ఒక పక్కకూ, టోపీ ఇంకో పక్కకూ వెళ్లి ఉన్నాయి. పెద్దమ్మ ఆ కార్డును కళ్లకద్దుకుని, ఎక్కడ పెట్టాలో తెలియక చివరికి నా దేవుడి పటం వెనక దాచింది. ఆ తర్వాత వేంకటేశ్వరస్వామిని వేశాం. సిరాలో ఎరుపు అయిపోయిందని నేను చూసుకోలేదు. స్వామి నిలువెల్లా పచ్చగా వచ్చాడు. "స్వామికి కామెర్లు వచ్చినాయే!" అని ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆపుకోలేక ఇద్దరం నేలమీద కూర్చుండిపోయాం.

విసుగొచ్చి ఇక నావల్ల కాదన్నాను. పెద్దమ్మ విసుక్కోలేదు. కిందికెళ్లి రెండు గ్లాసుల మజ్జిగ తెచ్చి, "యంత్రం గూడా కొత్తది కదా పాపా, దానికీ తెలియల్ల" అని ప్రింటరును వెనకేసుకొచ్చింది. మజ్జిగ తాగాక నాకు ఒక ఉపాయం తోచింది. మామూలు పెద్ద కాగితం మీద కార్డు కొలతకు ఒక గడి ప్రింటు తీశాను. ఆ గడిలో సరిగ్గా కార్డును టేపుతో అంటించి, ఆ కాగితాన్నే మళ్లీ లోపలికి పంపాను. ప్రింటరు పెద్ద కాగితమే అనుకుని బుద్ధిగా లాక్కుంది. బొమ్మ వచ్చి కార్డు మీద పడింది. "సంకన బిడ్డనెత్తుకోని బస్సెక్కినట్టుండాది. బిడ్డకు టికెట్టు ల్యా" అని పెద్దమ్మ సంబరపడింది. ఆ విధంగా కార్డుకు రెండు ఫోటోల చొప్పున, నలుపు తెలుపుల్లో, ఆ ఇంటివాళ్లందరినీ ఒక్కొక్కరినే బయటికి తెచ్చాం. మామగారి వంతు వచ్చిన ప్రతిసారీ ఆమె లేచి నిలబడింది.

పెద్దమ్మ కార్డులను సగానికి కత్తిరించి, అగ్గిపుల్లలతో చట్రాలు కట్టి గోడకు అంటించింది. పోయినవాళ్ల ఫోటోకు దండ ఉండాలి కదా. వట్టివేరు పోగులు పురిపెట్టి సన్నని దండ చేసి, పుల్ల మొనతో కుంకుమ బొట్టు పెట్టింది. నేను వంగి చూశాను. వెంకటసుబ్బయ్యగారి ఫోటో అంగడి ప్రారంభం నాటిది. అదే నల్లటోపీ, అవే మీసాలు, బొటనవేలంత బొమ్మలో తండ్రీ కొడుకులు ఒకే మనిషిలా ఉన్నారు. కానీ తండ్రి కోటుకు గడియారం గొలుసు ఉంది, కొడుకు జేబులో పెన్ను ఉంది. దండ పడింది పెన్నున్నాయన మీద.

"పెద్దమ్మా! ఈయన మీ బావగారు!"

ఆమె దగ్గరగా పెట్టుకుని చూసింది. "అట్లనా?"

"దండ తీసి పక్క ఫోటోకు వేయండి. పాపం, బతికున్న మనిషి."

"బంక ఎండిపోయిందిలే పాపా. ఇంత చిన్నదాన్లో ఎవరు చూస్తారు?" అంది. అని, లోపలికి వెళ్లి చెన్నకేశవయ్యగారు పంచాంగం చదువుకునే భూతద్దం తెచ్చి, దారం కట్టి ఆ ఇంటి గోడ పక్కనే వేలాడదీసింది.

పండుగ మొదటిరోజు మధ్యాహ్నం మస్తాన్ తాను కుట్టిన తెరలు ఎలా ఉన్నాయో చూసుకోవడానికి వచ్చాడు. పెద్దమ్మే భూతద్దం చేతికిచ్చింది. ఒక్కొక్క గదీ చూస్తూ హాల్లోకి వచ్చి ఆగిపోయాడు.

"యా అల్లా! అమ్మా, పెద్దశెట్టి! ఇప్పుడే కదా నా అంగడికాడ కూసోని పేపరు సదువుతాండె!"

"ఏమో మస్తానూ, నా కండ్లకు సరిగ్గా కానరాల్యా. నువ్వు మాత్రం ఆయనకు చెప్పొద్దు" అంది పెద్దమ్మ. మస్తాన్‌కు ఒక మాట చెప్పొద్దనడమంటే ఊళ్లో దండోరా వేయించడమే. ఆ సంగతి ఆ వీధిలో నాకు తప్ప అందరికీ తెలుసు.

సాయంత్రం పేరంటాళ్లు నిండి ఉండగా వెంకటసుబ్బయ్యగారు వచ్చారు. తెల్ల పంచె, నల్లటోపీ, కోపంతో అదురుతున్న నిండు మీసాలు. ఆయన గేటు దగ్గర నుంచే అరిచారు.

"యాడుండాది నా ఫోటో? నేను సచ్చినానని వూరందరికీ చూపిస్తాండారంట!"

"లోపలికి రా బావా. చెప్పులు ఆడ ఇడిచిపెట్టు, కొలువుండాది" అంది పెద్దమ్మ, ఆయన రోజూ వచ్చే మనిషే అన్నట్టు.

అంత కోపంలోనూ ఆయన చెప్పులు విడిచి పక్కపక్కన సరిగ్గా పెట్టారు. ఆడవాళ్లంతా గోడకు జరిగి దారి ఇచ్చారు. కింద కూర్చుని భూతద్దం అందుకున్నారు. గది గదికీ జరుపుతూ చూశారు. ఇప్పుడు పేలతారు, ఇప్పుడు పేలతారని నేను చూస్తున్నాను.

"ఈ వుయ్యాల గొలుసు ఎవరు పెట్టినారు?" అన్నారు చివరికి. "ఎడమ పక్కది తెగిపోయి తాడు కట్టింటిమి కదా."

"ఔను బావా, మర్సిపోతి."

"మెట్ల కింద నా గదికి కిటికీ యాడ? కిటికీ లేకుండా నన్ను ఊపిరాడక సంపుతారా?" అనగానే చావు సంగతి గుర్తుకొచ్చింది. చెయ్యి లోపలికి పెట్టి తన ఫోటోను గోడ నుంచి పీకారు. దండా బొట్టూ చూశారు. వెనక్కి తిప్పారు. వెనక పాత విజిటింగ్ కార్డు, దాని మీద కత్తెర పడి మిగిలిన తన పేరు: 'వెంకటసు'.

"మొగం కోసినారు, సరే. పేరు గూడా కోసినారా!"

అప్పుడు గుమ్మం దగ్గర నుంచి, ఆ ఇంట్లో అరుదుగా వినపడే గొంతు వినపడింది. చెన్నకేశవయ్యగారు అంగడి నుంచి అప్పుడే వచ్చి నిలబడి ఉన్నారు.

"అన్నా, ఈసారి మొగం నిండుగా పడింది కదా."

వెంకటసుబ్బయ్యగారు తమ్ముడి వంక చూశారు. మళ్లీ భూతద్దం పెట్టి ఫోటో వంక చూశారు. రెండు చెవులూ, రెండు కళ్లూ, మీసం రెండు కొసలూ ఉన్నాయి. "పడింది" అని ఒప్పుకున్నారు, చాలా కష్టంగా. ముందు నవ్వింది ఎవరో తెలియదు. పేరంటాళ్లందరూ నవ్వారు, చెన్నకేశవయ్యగారు తలుపు పట్టుకుని నవ్వారు. వెంకటసుబ్బయ్యగారు నవ్వలేదు కానీ మీసం కదిలింది.

"ముందు ఈ దండ తియ్యండి."

"తీస్తా బావా. బంక నానల్ల కదా, నానేదాకా కూసో" అని పెద్దమ్మ తడిగుడ్డ ఫోటో మీద వేసి, ఆయన ముందు శనగ గుగ్గిళ్లు పెట్టింది. ఆయన తిన్నారు. మళ్లీ పెట్టింది, మళ్లీ తిన్నారు. "మెత్తగా ఉడికినాయి. ఆ హోటలోడు పెట్టేవి గులకరాళ్లు" అన్నారు ఎవరితోనూ కాకుండా. లేచేటప్పుడు పెద్దమ్మ, "రేపు అన్నం యాళకు రా బావా, కిటికీ కొలత నాకు తెలీదు" అంది. ఆయన వచ్చారు. కిటికీ అయ్యాక వంటింటి పొగగొట్టం తప్పుగా ఉందని మర్నాడు వచ్చారు. కొలువు ఎత్తేసేదాకా ఆ అట్టపెట్టెల ఇంటికి మరమ్మతులు జరుగుతూనే ఉన్నాయి. ఎత్తేశాక కూడా ఆయన మధ్యాహ్నానికి వచ్చి, ఏదో ఒకటి బాగాలేదని చెబుతూ భోంచేసి వెళ్లేవారు. క్యారియరు సైకిలు మా వీధికి రావడం మానేసింది.

పండుగ తర్వాత పెద్దమ్మను సూటిగా అడిగాను. "నిజం చెప్పండి. ఆ ఫోటో ఎవరిదో మీకు తెలియలేదా?"

ఆమె చేటలో బియ్యం చెరుగుతూ తలెత్తలేదు. "ఎన్ని పండగలకు పిలిస్తి పాపా. ఒంట్లో బాగలేదంటే పిలిస్తి, బతిమాలితి. పిలిస్తే బెట్టు చేసే మనిషి పోట్లాటకైతే పరిగెత్తుకోని వస్తాడు. పోట్లాటకే రానీ, వచ్చినాక అన్నం పెట్టొచ్చులే అనుకుంటి."

"అయినా బతికున్న మనిషికి దండ..."

"అట్ల ఏస్తే ఆయుస్సు పెరుగుతాదంట."

"ఎవరన్నారు?"

"నేనే అంటాండా" అంది. చేట కింద పెట్టి, "భయం లేకుండా ఎట్లుంటాది? అమ్మవారికి ముందే చెప్పుకున్న్యా, ఏమన్నా ఐతే నాకే కావల్లని" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె నవ్వడం లేదు.

రెండేళ్ల తర్వాత పెళ్లయి కర్నూలు వచ్చేశాను. కొన్నేళ్లకు పెద్దమ్మ పోయిందని తెలిసి కడప వెళ్లాను. చెన్నకేశవయ్యగారు ఎప్పటిలాగే మాట్లాడలేదు. హాల్లో చాపమీద వెంకటసుబ్బయ్యగారు కూర్చుని ఉన్నారు. నన్ను గుర్తుపట్టి పక్కన కూర్చోబెట్టుకున్నారు. "చూసినావా పాపా, చెప్పకుండా పాయె. ఏ పనీ నాకు చెప్పి చేసే మనిషి కాదు. మళ్లా వస్తే అడుగుదామంటే వచ్చేది లేదు" అని ఫిర్యాదు చేశారు. ఆయన కళ్లు తుడుచుకుంటుంటే నేను వేరే వైపు చూశాను.

ఇప్పుడు నేను కర్నూల్లో ఒక కాలేజీలో పనిచేస్తున్నాను. అలిగే గుణం నాలో పూర్తిగా పోలేదు కానీ, ఎదుటివాళ్లు అలిగితే ఊరుకునే గుణం పోయింది. ఈమధ్య మా స్టాఫ్ రూములో వసుంధర నాతో మాట్లాడటం మానేసింది. తన క్లాసులు నేనే మార్పించానని ఎవరో చెప్పారట. పాతరోజుల్లో అయితే నేనూ మానేసి, ఇద్దరం పరువుగా రిటైరయ్యేవాళ్లం. వివరించబోతే రెండుసార్లు లేచి వెళ్లిపోయింది. మూడోరోజు ఆమెకు వినపడేటట్టు పక్కావిడతో అన్నాను, "వసుంధర బొరుగుల ఉగ్గాని బాగా చేస్తుంది కానీ, ఎప్పుడూ ఉప్పు తక్కువే."

మరునాడు పొద్దున నేనింకా కుర్చీలో సర్దుకోకముందే పెద్ద టిఫిన్ డబ్బా ఒకటి నా బల్లమీద ఠప్పున పడింది. వసుంధర మూత తీసి, చెంచా నా చేతిలో పెట్టి, నడుముమీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"తిను. తిని చెప్పు, యాడ తక్కువుండాదో."

తిన్నాను. ఉప్పు సరిగ్గా సరిపోయింది. అట్లాంటి ఉగ్గాని నేను జన్మలో చేయలేను. ఇంకో చెంచా తీసుకుని, బాగా ఆలోచిస్తున్నట్టు మొహం పెట్టి, "కొంచెం తక్కువే" అన్నాను, రేపు కూడా వస్తుందని.